మూత కింద బుడబుడ

“మూత వేసేటప్పటికి ఆ చప్పుడు ఆగిందా, ఆగలేదా?”

(బెంగళూరు, ఆనేకల్ దారిలో ఒక అపార్ట్‌మెంట్. సంఘం కార్యాలయం, ఆదివారం పగలు. అడుగుతున్నది కింది అంతస్తులో ఉండే భాగీరథమ్మ. తెలుగు అధ్యాపకురాలిగా, నిఘంటువు సంపాదకురాలిగా పనిచేసి విరమించారు. ఎదురుగా సంఘం కార్యదర్శి గిరిధర్, కాపలాదారు ఓబళప్ప. ఈ అపార్ట్‌మెంట్ మురుగు తొట్టిని శుభ్రం చేయడానికి దిగిన జోగయ్య చనిపోయి వారం కాలేదు.)

“మేడమ్, మీరు మళ్ళీ అక్కడికే వస్తున్నారు. నేను అడిగింది ఒక్క సైన్. ట్రాన్స్‌లేషన్ ఆల్రెడీ చేసేశాను.”

“మీరు అడిగినదానికి నేను వచ్చాను గిరిధర్ గారూ. నేను అడిగినదానికి మీరింకా రాలేదు.”

“అది ఓబళప్పని అడగాలి. మూత వేసింది అతను.”

“అతను మీ పక్కనే నిలబడి ఉన్నాడు. మీరు అతనివైపు చూసినప్పుడల్లా నేలవైపు చూస్తున్నాడు. ఓబళప్పా, ఆగిందా, ఆగలేదా?”

“నేను స్టేషన్లో అన్నీ చెప్పేస్తిని కదమ్మా. సార్‌కీ చెప్తిని. లాయర్ సార్‌కీ చెప్తిని.”

“అన్నీ చెప్పావు. ఇది చెప్పలేదు.”

“ఎవురూ అడగలేదమ్మా.”

“నేను అడుగుతున్నాను.”

“మేడమ్, వన్ మినిట్. అతను ఆల్రెడీ భయపడి ఉన్నాడు. ముందు ఈ పేపర్ చూడండి. ఇటు అతను చెప్పిన తెలుగు, అటు ఇంగ్లీషు. రేపు మా అడ్వొకేట్ పోలీసులకి సబ్మిట్ చేయాలి. తెలుగు తెలిసిన పెద్దవాళ్ళు ఎవరైనా అనువాదం కరెక్ట్ అని సంతకం పెడితే వెయిట్ ఉంటుంది అన్నారు. మన అపార్ట్‌మెంట్‌లో మీకంటే ఎవరున్నారు చెప్పండి?”

“చదివాను. ముందు ఆ కొళాయి కట్టేయండి.”

“ఏ కొళాయి?”

“మీ వెనక వాష్‌బేసిన్‌లో పారుతున్నది. నేను లోపల అడుగుపెట్టినప్పటినుంచీ పారుతూనే ఉంది. ట్యాంకరు కోసం గేటు దగ్గర కాచుకునే ఊళ్ళో ఇదెక్కడి విలాసం?”

“అది... వాషర్ పోయింది మేడమ్. ప్లంబర్‌కి చెప్పాను.”

“ఓబళప్పా, వాషరు పోయిందా?”

“వాషరు బానే ఉండాదమ్మా. సారే తిప్పి పెట్టినాడు.”

“ఓబళప్పా!”

“కట్టేసేదా సార్?”

“...కట్టెయ్.”

“ఇప్పుడు మాట్లాడుకుందాం. ఓబళప్ప చెప్పిన వాక్యం ఇది: ‘మూత తెరిచి ఉండె, లోపల నుంచి బుడబుడ అని వినబడతా ఉండె.’ దీనికి ఎదురుగా మీరు ఇంగ్లీషులో రాసినదాన్ని తిరిగి తెలుగు చేస్తే, ‘యంత్రం మామూలుగా నడుస్తున్న ధ్వని వినిపించింది’ అని వస్తుంది. ఇందులోకి యంత్రం ఎక్కడినుంచి వచ్చింది? ‘మామూలుగా’ ఎక్కడినుంచి వచ్చింది?”

“కాంటెక్స్ట్ మేడమ్. బ్లోయర్ మోటార్ ట్యాంకులోకి గాలి కొడితే ఆ సౌండ్ వస్తుంది. ఆ సౌండ్ లేకపోతే వాసన వస్తుంది, వాసన వస్తే వాట్సాప్ గ్రూపులో నన్ను తిడతారు. ఇక్కడ చిన్నపిల్లలకి కూడా తెలుసు, బుడబుడ అంటే మురుగు శుద్ధి ప్లాంట్ రన్నింగ్ అని.”

“అది ఈ ప్రహరీ లోపలి అలవాటు, మాటకు అర్థం కాదు. నీళ్ళు కాగితే సలసలమంటాయి. ఎసట్లో బియ్యం కుతకుతమంటుంది. పప్పు చిక్కబడితే తుకతుక. ఇవన్నీ నిప్పు మీది మాటలు. బుడబుడకు నిప్పు అక్కర్లేదు. నీటి అడుగున గాలి ఉండాలి, అది పైకి రావాలి. మూతి సన్నని బిందెను నీళ్ళలో ముంచి చూడండి, నిండేదాకా బుడబుడమంటుంది. నిండగానే ఊరుకుంటుంది. ఆ గాలి బిందెదా, గొట్టానిదా, మరొకదానిదా అన్నది ఆ మాట చెప్పదు. ఓబళప్ప కూడా చెప్పలేదు. మీరు చెప్పేశారు.”

“మేడమ్, మనం డిక్షనరీ రాయట్లేదు.”

“లేదు. ఒక మనిషి ఎలా చనిపోయాడో రాస్తున్నాం. నిఘంటువులో తప్పు దొర్లితే తర్వాతి ముద్రణలో దిద్దుకోవచ్చు.”

“ఓకే, ఓకే. ‘బబ్లింగ్ సౌండ్’ అని మారుస్తాను. మీకు హ్యాపీయేనా?”

“నా సంతోషం కోసం నేను రాలేదు. మార్త గేటు దగ్గర కూర్చుని ఉంది.”

“ఎవరు?”

“జోగయ్య భార్య. పేరు కూడా తెలియదా మీకు?”

“తెలుసు. అంటే, ఇవాళ ఎందుకు వచ్చింది? మా అడ్వొకేట్ డైరెక్టుగా మాట్లాడొద్దన్నారు.”

“మాట్లాడవద్దంటే చూడవద్దని కాదు కదా. కిటికీలోంచి కనిపిస్తోంది.”

“టీ ఇస్తినమ్మా, తాగలే. నీళ్ళిస్తిని, వాటినీ ముట్టలే. ఊరికే కూచోనుండాది ఆయమ్మ.”

“ఆమె నన్ను అడిగింది ఒక్కటే. గ్యాసు తగలగానే ప్రాణం పోయిందని ఆస్పత్రిలో ఎవరో అన్నారట. ‘తగలగానే పోతే సరే అమ్మగారూ, దేవుని పిలుపు అనుకుంటా. మూతేసినప్పుడు బతికుంటే మాత్రం నాకు తెలవాల. వెలుతురులో పోయాడో, చీకట్లో పోయాడో తెలవాల’ అంది. నేను ఈ గదిలోంచి బయటికి వెళ్ళి ఆమెకు ఒక సమాధానం చెప్పాలి. మీ సంతకం సంగతి ఆ తర్వాత.”

“అది ఎవరు చెప్పగలరు మేడమ్? డాక్టర్లే చెప్పలేరు.”

“చెవులున్నవాడు చెప్పగలడు. ఓబళప్పా, మోటారు ఆడేటప్పుడు చప్పుడు ఎట్లా ఉంటుంది?”

“ఒకే తీరుగా ఉంటాదమ్మా. తెగదు. కింద నేల కూడా అదురుతాది. కుర్చీలో కూచుంటే కాళ్ళకి తెలుస్తాది.”

“ఆ రోజు కాళ్ళకు తెలిసిందా?”

“బూట్లు వేసుకొని ఉంటినమ్మా.”

“రోజూ వేసుకునే బూట్లేనా?”

“అవేనమ్మా.”

“సరే. చప్పుడు సంగతి చెప్పు. ఒకే తీరుగా ఉందా?”

“కొంచేపు వస్తా ఉండె. నిలస్తా ఉండె. మళ్ళా వస్తా ఉండె.”

“మేడమ్, దిస్ ఈజ్ నాట్ ఫెయిర్. మీరు అడిగే పద్ధతిలోనే ఆన్సర్ ఉంది. మురుగులో మామూలుగా కూడా గ్యాస్ బబుల్స్ వస్తాయి. సైన్స్ అది.”

“వస్తాయి. నేను కాదనలేదు. అయితే ‘అది ఏమిటో మాకు తెలియదు’ అని రాయండి. తెలియదని రాయడానికి మీకు చెయ్యి ఎందుకు రావడం లేదు?”

“ఎందుకంటే...”

“ఎందుకంటే?”

“ఏం లేదు. మీరు అడగండి, అడగండి.”

“ఓబళప్పా, మూత తెరిచి ఉంది, చప్పుడు వస్తోంది. మనిషి లోపల ఉన్నాడేమో అనిపించలేదా?”

“అనిపించెనమ్మా. అందుకే కదా ఫోన్ చేస్తిని.”

“ఎవరికి?”

“అది రొటీన్ కాల్ మేడమ్. డైలీ నాకు ఫోన్ చేస్తాడు. బల్బు పోయిందని కూడా చేస్తాడు.”

“కాగితంలో ఫోను సంగతి లేదు.”

“రొటీన్ కాబట్టి లేదు.”

“ఏమన్నావు ఫోనులో?”

“సార్...”

“ఆయన వైపు చూడకు. ఇటు చూడు.”

“‘సార్, జోగయ్య కనబడలే. చొక్కా వాల్వు మీద వేసుండాది, మూత తెరిచి ఉండాది, మనిషి లేడు’ అంటిని.”

“ఆయన ఏమన్నారు?”

“‘లోపల సౌండ్ ఉందా?’ అనె. వంగి చూస్తిని. చీకటి, ఏమీ కనబడలే. ‘బుడబుడ అంటా ఉండాది సార్’ అంటిని.”

“అప్పుడు?”

“అప్పుడు... సార్ మంచోడమ్మా. నా కూతురు జ్యోతికి ఆస్పత్రిలో నర్సు ట్రైనింగుకి సీటు ఇప్పిచ్చినాడు.”

“ఆయన మంచితనం గురించి నేను అడగలేదు.”

“నేనే చెప్తాను మేడమ్. ‘బుడబుడ అంటోందంటే బ్లోయర్ ఆన్‌లో ఉంది. ఆన్‌లో ఉంటే మనిషి లోపల ఉండడు. టీకి వెళ్ళుంటాడు. వాసన వస్తోందని గ్రూపులో గొడవ, మూత వేసెయ్’ అన్నాను. తప్పా? చెప్పండి. మనిషి దిగాలంటే బ్లోయర్ ఆపాలి. అది రూల్. నేను పెట్టిన రూలే. ఆ రూల్ ప్రకారమే ఆలోచించాను.”

“ఇద్దరు రావాలన్నది కూడా మీ రూలే.”

“కాంట్రాక్టర్ ఒక్కడినే పంపాడు.”

“ఒక్కడినే లోపలికి రానిచ్చింది ఎవరు?”

“నేను సార్‌ని అడిగితినమ్మా. ‘పర్లేదు, ఈ పూటకి కానీ’ అనె.”

“అసలు మనిషిని దింపడమే చట్టం ఒప్పుకోదు. అది మీ రూలు కాదు కనుక గుర్తుండి ఉండదు.”

“మేడమ్, మీరు కూడా వాసన వస్తోందని కంప్లయింట్ చేశారు.”

“చేశాను. ఆ వాసన ఇప్పటికీ నా ముక్కులోనే ఉంది. మాట మార్చకండి. మీ తర్కం చాలా చక్కగా ఉంది: చప్పుడుంటే యంత్రం ఉంది, యంత్రం ఉంటే మనిషి లేడు. యంత్రం నడుస్తోందని మీకు చెప్పింది ఎవరు?”

“సౌండే.”

“సౌండు కాదు. ఈ మాట. ఓబళప్ప ఒక మాట అన్నాడు, మీరు దాన్ని మోటారు చేశారు. ఇదిగో, ఇది చూడండి.”

“ఏంటిది?”

“రుమాలు విప్పండి.”

“...ఫ్యూజ్.”

“ఎక్కడిదో తెలుసా?”

“అయ్యో దేవుడా. అమ్మా, ఇది మన బ్లోయర్‌ది. ఆ మూల పెచ్చు లేచింది చూడండి, నేనే ఒకసారి జారవిడిస్తిని.”

“ఆస్పత్రిలో మార్తకు జోగయ్య తడి బట్టలు ఇచ్చారు. నిక్కరు జేబులో ఇది ఉంది. ఎందుకుందో ఆమెకు తెలుసు. నీకూ తెలుసు ఓబళప్పా.”

“తెలుసమ్మా. దిగే ముందు ఫ్యూజు పీకి జేబులో వేసుకొంటాడు. ‘స్విచ్చి ఎవడైనా వేస్తాడు, ఇది నా తావ ఉంటే ఎవడేం చేస్తాడు’ అంటాడు. నేను ఎగతాళి చేసేటోణ్ణి. ‘ఏమప్పా, పెండ్లాం ఇచ్చిన ఉంగరం మాదిరి దాచుకొంటావు’ అని. నవ్వేటోడు. పైకొచ్చినాక కడిగి, తుడిచి, తిరిగి పెట్టేటోడు.”

“మరి ఆ రోజు నీకు అది గుర్తు రాలేదా?”

“వచ్చెనమ్మా.”

“వచ్చిందా?”

“సార్‌కి ఫోన్ చేసేటప్పుడు నోటి దాకా వచ్చె. సార్ ‘ఆన్‌లో ఉంది’ అనేసె. అంత గట్టిగా అనినాక, ఆన్‌లోనే ఉండాదేమో, ఫ్యూజు తిరిగి పెట్టేసినాడేమో అనుకొంటి. చదువుకున్నోళ్ళు కదా.”

“నా మీదకి తొయ్యకు ఓబళప్పా!”

“తొయ్యలేదు సార్. నేనే కదా మూత వేస్తిని.”

“గిరిధర్ గారూ, పోలీసులు వచ్చాక కరెంటు ప్యానెలు తెరిచి చూశారు కదా?”

“చూశారు.”

“అక్కడ ఏముంది?”

“...బ్లోయర్ ఫ్యూజ్ ప్లేస్ ఖాళీగా ఉంది.”

“అయితే ఈ కాగితం రాసేటప్పుడు మీకు తెలుసు.”

“శవాన్ని పైకి తీసే హడావుడిలో ఎవరో తీసుంటారు అనుకున్నాను.”

“అనుకున్నారా?”

“అనుకోవాలనుకున్నాను. చాలా మేడమ్? అనుకోవాలనుకున్నాను. ఫోన్‌లో నేను విన్నది కూడా అదే సౌండ్. ఓబళప్ప వంగినప్పుడు నాకు కూడా వినపడింది. అప్పుడు మీటింగ్‌లో ఉన్నాను, ఇంకో చెవిలో క్లయింట్ మాట్లాడుతున్నాడు. మంచి సౌండే అనుకున్నాను. ఆ సౌండ్ వస్తుంటే అంతా బాగున్నట్టే కదా ఇన్నాళ్ళూ—”

“ఉష్షు.”

“ఏంటి?”

“అమ్మా...”

“మాట్లాడకండి ఇద్దరూ. వినండి.”

“ఓబళప్పా, ట్యాప్ తిప్పు.”

“తిప్పకు.”

“మేడమ్, ప్లీజ్. ట్యాప్ తిప్పండి. ప్లీజ్.”

“ఇదేనా మీ వాషరు? ఇది వినబడకూడదనేనా కొళాయి వదిలిపెట్టారు?”

“మళ్ళా వస్తా ఉండాదమ్మా బుడబుడ. బేసినులోంచే. మా గేటు గదిలో కూడా ఇట్లనే వస్తాది.”

“మా ఇంట్లో కూడా. బాత్రూమ్ నీళ్ళు పోయే కన్నానికి టేప్ వేశాను. టేప్ కింద కూడా వస్తుంది. మా అక్షర నాలుగేళ్ళది, నిన్న బ్రష్ చేస్తూ ‘నాన్నా, కింద ఎవరో పుక్కిలిస్తున్నారు, నేను కూడా పుక్కిలించనా’ అంది. వంగి ‘గుడ్ మార్నింగ్’ చెప్పింది దాంట్లోకి.”

“ఆగింది.”

“ఆగిందా? నిజంగా ఆగిందా?”

“ఆగింది. కూర్చోండి. పోలీసులు ప్లాంటుకు సీలు వేశారు. తొట్టి నిండి ఉంది. పైన ఎవరో బకెట్ నీళ్ళు ఒంపుతారు, గొట్టంలో ఉన్న గాలి దారిలేక ఇటు వస్తుంది. దీనికి అంతకంటే కారణం అక్కర్లేదు.”

“మీరు అదే నమ్ముతున్నారా మేడమ్?”

“నమ్ముతున్నాను. అయినా పడుకునే ముందు వంటింటి సింకు కన్నం మీద పళ్ళెం బోర్లించి, దానిమీద రుబ్బురాయి పెడుతున్నాను. రెండూ నిజమే.”

“మీరు కూడానా?”

“నేను చెవిటిదాన్ని కాను. ఓబళప్పా, ఇలా వచ్చి కూర్చో. కుర్చీలోనే కూర్చో, ఫరవాలేదు. నువ్వు మూత ఎట్లా వేశావు?”

“జరిపితినమ్మా. ఇనుప మూత, బరువు. కాలితో తోసి, చేత్తో సర్ది.”

“సర్దేటప్పుడు మోకాళ్ళ మీద ఉన్నావు.”

“అవునమ్మా.”

“చెవి మూతకు దగ్గరగా ఉంది.”

“...అవునమ్మా.”

“ఇప్పుడు చెప్పు.”

“అమ్మా, ఆయమ్మకి చెప్పేస్తారా?”

“చెబుతాను.”

“అబద్ధం చెప్తే పోదా అమ్మా? చప్పుడు నిలిచిపోయినాకే మూసినాము అని? ఆయమ్మ నిద్రపోతాది. నేనూ పోతాను.”

“మేడమ్, అదే కైండ్‌నెస్ కదా. ఆలోచించండి. ఎవరికి లాభం ఇప్పుడు?”

“ఆమె జాలి అడగలేదు. నిజం అడిగింది. ఆమె అడిగినది కాక ఇంకేదో ఇచ్చి పంపడానికి మనమెవరం? చెప్పు ఓబళప్పా.”

“...ఆగలేదమ్మా.”

“గట్టిగా చెప్పు.”

“ఆగలేదు. మూత వేసినాక కూడా కింద నుంచి వస్తా ఉండె. చెయ్యి మూత మీదనే ఉండె నాది. చేతికి తెలుస్తా ఉండె. ఎక్కువ వచ్చె ఒకసారి. మళ్ళా కొంచెం. నేను లేచి గేటుకి పోతిని, బండి హారన్ కొడతా ఉండె. సాయంత్రం వాల్వు మీదుండే జోగయ్య చొక్కా జేబులో ఫోన్ మోగె. మోగతానే ఉండె. పోయి తీస్తే ఆయమ్మ. ‘ఏమయ్యా, అన్నానికి రావా’ అనె. నేను ఏం చెప్పాలో తెలియక, ‘లోపల ఉండాడమ్మా’ అంటిని. నా నోట్లోంచే వచ్చె ఆ మాట. అప్పుడు తెలిసె నాకి.”

“నీళ్ళు తాగు.”

“వద్దమ్మా. నీళ్ళు తాగితే గొంతులో చప్పుడొస్తాది.”

“గిరిధర్ గారూ, కలం తీసుకోండి.”

“ఏం రాయమంటారు?”

“మీ వాక్యం కొట్టేయండి. దాని బదులు: ‘నీటి అడుగునుంచి గాలి పైకి వస్తున్న చప్పుడు, ఆగుతూ ఆగుతూ వినిపించింది. యంత్రం నడవడం లేదు. దాని ఫ్యూజు లోపల ఉన్న మనిషి జేబులో ఉంది. చప్పుడు ఆగకముందే మూత వేయడం జరిగింది.’ ఇంగ్లీషులో కూడా ఇంతే సూటిగా రాయండి.”

“‘వేయడం జరిగింది’... ఓకే.”

“ఆగండి. అది తప్పు, నేనే తప్పు చెప్పాను. జరిగింది అంటే ఎవరూ చేయలేదని అర్థం వస్తుంది. ‘ఓబళప్ప మూత వేశాడు’ అని రాయండి. ‘వేయమని ఫోనులో చెప్పినవారు’ అని రాసి, చోటు వదలండి.”

“మీరే చెప్పండి మేడమ్, పేరు రాసుకుంటాను.”

“నేను చెబితే అది అనువాదం. మీరు రాస్తే వాఙ్మూలం.”

“నాకు ఉద్యోగం ఉంది మేడమ్. పాప ఉంది.”

“మార్త గేటు దగ్గర ఉంది. కలం రాయడం లేదా? వాషరు పోయిందా?”

“రాశాను.”

“చూపించండి. ‘గిరిధర్, కార్యదర్శి.’ బాగుంది. ఇప్పుడు నా సంతకం తీసుకోండి. ఇది పోలీసులకు. దీని నకలు ఒకటి లిఫ్టు పక్కన అంటించండి, అందరికీ కనబడాలి.”

“మేడమ్, అది ఎవరు చదువుతారు?”

“ఎవరో ఒకరు చదువుతారు. అందుకే నకలు అడుగున, వేరుగా, పెద్ద అక్షరాలతో ఇంకో మాట చేర్చండి.”

“ఎవరికని రాయను?”

“పేరు అక్కర్లేదు. ఇప్పుడు ఈ అక్షరాల మీద ఎవరి చూపు ఉందో వారికి. రాయండి: ‘చదువుతున్న మీరు లేవండి. ఈ పూట నీళ్ళు వదిలే ముందు కిందికి వెళ్ళండి. మీ ఇంటి మురుగు మీద ఉన్న మూత దగ్గర వంగి, అక్కడ పనిచేసే మనిషిని పేరు పెట్టి పిలవండి. ఆ పేరు తెలియదా? అయితే ముందు అది తెలుసుకుని రండి.’”